సాంతా లూసియా చేతిరుమాలు

సాన్ హోసేకి మెల్లకన్ను వచ్చింది. కొయ్య పునీతుడు కాబట్టి ఆయన పాపం నోరెత్తలేదు గానీ, మూడు వారాలు కూర్చుని ఆయన్ని చెక్కిన తీయో బెరోంగ్ మాత్రం ఊరుకోలేదు. బొమ్మని వాకిట్లో వెలుతురుకి తిప్పి, తల అటోసారి ఇటోసారి వంచి చూసి, మేనకోడల్ని కేకేశాడు.

“ఏమే పెపాయ్, ఈయన తన పెళ్లాం మరియమ్మని చూస్తున్నాడా, వెనక సందులో చేపలమ్మే ఆవిణ్ని చూస్తున్నాడా?”

పెపాయ్ అసలు పేరు పెర్పెతువా. అంత పేరు నోరారా పిలిచే ఓపిక ఆ ఊళ్లో ఎవరికీ లేదు. పెద్ద సరస్సు ఒడ్డున, గడపకో ఉలి ఉన్న ఊరు అది. మగవాళ్లు చెక్కుతారు, ఆడవాళ్లు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతారు, రంగులేస్తారు. అందులో కళ్లు వేసే పని అందరికీ చేతకాదు. నల్లగుడ్డు మీద, మూడే మూడు వెంట్రుకలున్న కుంచెతో, ఆవగింజలో సగమంత తెల్లచుక్క పెట్టాలి. ఆ చుక్క పడేదాకా అది దుంగ. పడ్డాక అది మనల్ని చూస్తుంది. ఇరవై నాలుగేళ్లకే ఆ చుక్క పెట్టడంలో పెపాయ్‌ని మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

కానీ ఆ రోజు ఆమె కుడికంటికి ఒక్క చుక్క మూడు చుక్కలుగా కనబడింది. ఏది అసలుదో తెలియక మధ్యదాని మీద కుంచె ఆనించింది. అది అసలుది కాదు.

“నాకు మొన్నటి నుంచి చందమామ కూడా మూడు కనిపిస్తున్నాయి తీయో,” అంది మేనమామతో మెల్లగా.

తీయో బెరోంగ్ వేళాకోళం మానేశాడు. ఆ వారంలోనే ఆమెని వెంటబెట్టుకుని మనీలా బస్సెక్కాడు.

అక్కడ కంటి ఆసుపత్రిలో డోక్టోరా లుసేరో అనే పొట్టి డాక్టరమ్మ ఏవేవో యంత్రాల ముందు గడ్డం ఆనించమంది, నీలంగా పచ్చగా మెరిసే గుండ్రాలకేసి చూడమంది, చివరికి ఒక రంగుల పటం తీసి చేతిలో పెట్టింది. ఆకుపచ్చ మైదానం, నడుమ ఎర్రటి కొండ.

“ఇది మీ కంటి ముందుండే పారదర్శకమైన పొర. బంతిలా గుండ్రంగా ఉండాలి. మీకు పల్చబడి, మామిడికాయ మూతిలా ముందుకి పొడుచుకొస్తోంది. కెరటోకోనస్ అంటారు. కళ్లు నలుపుకుంటారా?”

“ఐదో ఏటి నుంచి,” అన్నాడు తీయో బెరోంగ్, పెపాయ్ నోరు తెరిచేలోపే. “రంపపు పొట్టు డోక్టోరా. ఇంట్లో అన్నంలో కూడా ఉంటుంది. ఇది చిన్నప్పుడు ఏడవడానికంటే కళ్లు నలుపుకోవడానికే ఎక్కువ చేతులు వాడింది.”

“ఇవాళ్టి నుంచి మానెయ్యాలి. పల్చటి పొరని నలిపితే ఇంకా పల్చబడుతుంది. ఆర్నెల్లకి రండి. కొండ పెరగకపోతే సరే. పెరిగితే క్రాస్‌లింకింగ్ అని ఒక చికిత్స ఉంది. అది పోయిన చూపుని తెచ్చిపెట్టదు. పోయేదాన్ని ఆపుతుంది, అంతే. కానీ దానికి పొర మందం నాలుగొందల యాభై మైక్రాన్లకి తగ్గకుండా ఉండాలి. మీ కుడికన్ను ఇప్పుడు నాలుగొందల డెబ్భై ఎనిమిది.”

“తగ్గితే?” అంది పెపాయ్.

“ఆ దారి ఇరుకైపోతుంది. ఆ తర్వాత, చనిపోయినవాళ్లు దానమిచ్చిన కంటిపొర తెచ్చి కుట్టాల్సిరావచ్చు. అక్కడిదాకా వెళ్లొద్దు.”

మైక్రాన్ అంటే ఎంతో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు గానీ, మర్నాటికల్లా నాలుగొందల డెబ్భై ఎనిమిది అనే అంకె వీధంతా తెలిసింది. పెపాయ్ చెయ్యి మొహం వైపు లేస్తే చాలు, ఎవరో ఒకరు “నాలుగొందల డెబ్భై ఎనిమిదీ!” అని అరిచేవారు. తీయో బెరోంగ్ ఒక పొడుగాటి రెల్లుపుల్ల పక్కన పెట్టుకుని, చెక్కుతూనే ఆమె వేళ్ల మీద చురుక్కుమనిపించేవాడు. నిద్రలో నలుపుకుంటుందేమోనని ఈతకొట్టేవాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు కొనిచ్చారు. అవి పెట్టుకుని పడుకున్న పెపాయ్‌ని చూసి పిల్లి రెండ్రోజులు ఆ గదిలోకి రాలేదు.

వీళ్లందరి కంటే ఎక్కువ కష్టపడింది లోలా ఓనోర్. లోలా అంటే అమ్మమ్మ. తల్లి పోయిన పిల్లని రెండో ఏటి నుంచి పెంచింది ఆమే, తీయో బెరోంగ్‌ని కన్నదీ ఆమే. డెబ్భై ఆరేళ్ల మనిషి, చేతులు మాత్రం ముప్పై ఏళ్లవి. బెణికిన కాళ్లకీ పట్టేసిన నడుములకీ కొబ్బరినూనె రాసి మర్దన చేసే హిలోత్ పని ఆమెది. ఆమె బొటనవేలు దిగితే ఆరడుగుల మగవాడు కూడా అమ్మా అని అరవాల్సిందే. నొప్పి పోతుంది కాబట్టి మళ్లీ వచ్చేవారు. “మెల్లగా రాస్తే పైపైనే ఉండిపోతుంది. గట్టిగా రుద్దితేనే లోపలికి పోతుంది” అనేది ఆమె సిద్ధాంతం. నూనె విషయంలోనే కాదు, అన్నింట్లోనూ.

వీధి చివర చిన్న గుడిలో సాంతా లూసియా ఉంది. కళ్లని కాపాడే పునీతురాలు. మొహంలో రెండు కళ్లు, చేతిలో పళ్లెం, ఆ పళ్లెంలో మరో రెండు కళ్లు. ఆమెకి బట్టలు మార్చే హక్కు, దుమ్ము దులిపే హక్కు లోలా ఓనోర్ తల్లి నుంచి లోలా ఓనోర్‌కి వచ్చాయి. తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. తెల్లవారకముందే వెళ్లి, ఉతికి మడతపెట్టిన చేతిరుమాలుతో పునీతురాలి నాలుగు కళ్లూ తుడిచి, ఆ రుమాలుని ఇంటికి తెచ్చేది. అందరూ చేసేదే అది. మోకాలు నొప్పైతే పునీతుడి మోకాలు తుడిచి మన మోకాలికి, గొంతు నొప్పైతే గొంతుకి. అలా తెచ్చిన రుమాలుతో, నిద్రపోతున్న మనవరాలి మంచం మీద కూర్చుని, ఆ ఈతకళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, రెండు కళ్లూ తుడిచేది. అది తుడవడమంటే తుడవడమూ కాదు. బొటనవేళ్లతో గుండ్రంగా, లోపలికి దిగేలా, ఒక్కో కంటికి ఒక పూర్తి జపం అయ్యేదాకా. తర్వాత కళ్లద్దాలు మళ్లీ జాగ్రత్తగా దించి, అల్లం కషాయం కాయడానికి వెళ్లేది.

పెపాయ్ సగం నిద్రలో ఆ చేతుల కొబ్బరినూనె వాసన పీల్చుకుని ఇంకాస్త ముడుచుకుని పడుకునేది. అంతకంటే హాయైన సమయం ఆమెకి రోజు మొత్తంలో ఇంకోటి లేదు.

జూలైలో మళ్లీ మనీలా వెళ్లాల్సి వచ్చినప్పుడు, “ఈసారి నేనొస్తా” అని లోలా ఓనోర్ పట్టుబట్టింది. చర్చికి వేసుకునే గౌను వేసుకుంది. డాక్టరమ్మ కోసం అరిటాకులో చుట్టిన బియ్యపు సుమాన్లు ఒక డజను కట్టింది. ఆరు నెలల తన కష్టానికి ఫలితం డాక్టరు నోట వినాలని ఆమె కోరిక.

డోక్టోరా లుసేరో కొత్త పటాన్ని పాత పటం పక్కన పెట్టింది. ఎర్రకొండ లావైంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

“నాలుగొందల యాభై తొమ్మిది. పెర్పెతువా, మీరు కళ్లు నలుపుకుంటున్నారు.”

“లేదు డోక్టోరా! ఒట్టు! ఒక్కసారి కూడా...”

“పంతొమ్మిది మైక్రాన్లు ఊరికే పోవు. నాతో నిజం చెప్పండి.”

పెపాయ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి అలవాటుగా పైకి లేచింది, దాన్ని ఆమే కిందికి కొట్టుకుంది. ఆర్నెల్లు పళ్లబిగువున ఆపుకున్న దురద, రెల్లుపుల్ల దెబ్బలు, ఆ వెర్రి కళ్లద్దాలు, అన్నీ భరించి ఇక్కడ దొంగలా నిలబడాల్సి వచ్చింది.

లోలా ఓనోర్ లేచి నిలబడింది. “మా పిల్ల అబద్ధమాడదు డోక్టోరా. వీధంతా సాక్ష్యం చెబుతుంది. ఆ కళ్లని నేను తప్ప పురుగు కూడా ముట్టుకోలేదు!”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “మీరంటే?”

“నేనే! పునీతురాలి రుమాలుతో. ఇదివరకు శుక్రవారాలే తుడిచేదాన్ని. జబ్బని తెలిశాక రోజూ. తుఫాను వచ్చి గుళ్లోకి మోకాల్లోతు నీళ్లొచ్చిన రోజు కూడా మానలేదు.” ఆమె గొంతులో గర్వం పొంగింది. “ఊరికే అద్దడం కాదు. ఇదిగో, ఇలా.”

బల్ల మీద పిడికిలంత ప్లాస్టిక్ కన్ను ఒకటి ఉంది, రోగులకి చూపించడానికి. లోలా ఓనోర్ దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, రుమాలు చుట్టిన బొటనవేలు ఆనించి గుండ్రంగా తిప్పింది. రెండు చుట్లు సరిగ్గా పడ్డాయి. మూడో చుట్టుకి ముందున్న పారదర్శకపు పొర పటుక్కున ఊడి, బల్ల మీద గిరగిరా తిరిగి, డాక్టరమ్మ చెప్పు దగ్గర పడింది.

లోలా ఓనోర్ చేతిలోని కంటినీ, కింద పడ్డ పొరనీ చూసింది. తర్వాత పెపాయ్ మొహం చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

“అయ్యో డోక్టోరా,” అంది. కాసేపటికి మళ్లీ, “అయ్యో డోక్టోరా.”

డోక్టోరా లుసేరో కుర్చీ జరుపుకుని దగ్గరగా వచ్చింది. “లోలా, ఈ జబ్బు మీవల్ల రాలేదు. దానంతటదే ముదిరి ఉండొచ్చు కూడా. ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఇక ఆ కళ్లని ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకా తొమ్మిది మైక్రాన్లు చేతిలో ఉన్నాయి. మూడు వారాల్లో చేసేద్దాం.” పెపాయ్ వైపు తిరిగింది. “చేశాక నాలుగైదు రోజులు కన్ను మండుతుంది, దురదపెడుతుంది, నలపాలని ప్రాణం లాగుతుంది. రాత్రీ పగలూ మీ చేతులు పట్టుకునే మొండిమనిషిని ఒకరిని తోడు తెచ్చుకోండి. జాలిపడేవాళ్లు పనికిరారు.”

తిరుగు బస్సులో లోలా ఓనోర్ దారి పొడుగునా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. సుమాన్ల మూట డాక్టరమ్మకి ఇవ్వడం మరచిపోయి అలాగే వెనక్కి తెచ్చింది.

మర్నాటి నుంచి ఆమె గుడికి వెళ్లలేదు. తాళంచెవి గోడకున్న మేకుకి తగిలించింది. ఎవరో ముసలాయన మెడ పట్టేసి వస్తే, “నా చేతులు మంచివి కావు, వేరే చోటికి వెళ్లండి” అని పంపేసింది. వేరే చోటు ఆ ఊళ్లో లేదు. వారం తిరిగేసరికి వీధిలో సగంమంది వంకరగా నడుస్తున్నారు. తీయో బెరోంగ్ నడుము పట్టేసి, ఒక పక్కకి వంగే చెక్కాడు. ఆ వారం పుట్టిన దేవదూతలందరికీ ఒక రెక్క కిందికి దిగింది.

“అమ్మా, నా నడుము మీద కోపం దేనికే?” అని ఆయన మొత్తుకున్నాడు.

“నీ నడుము మీద కాదురా. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. ఇక ఈ వేలితో ఎవర్నీ ముట్టుకోను,” అంది ఆమె.

పెపాయ్‌కి చికిత్స భయం ఒకవైపు, అమ్మమ్మ బాధ ఇంకోవైపు. కోపం రాలేదా అంటే వచ్చింది. ఒక రాత్రంతా వచ్చింది. ఆ తొమ్మిది పోతే తన కుంచె ఇంకెవరి చేతికో పోతుంది. కానీ తెల్లవారుజామున, ఎవరూ వచ్చి మంచం మీద కూర్చోని ఆ సమయంలో మెలకువ వచ్చి, కొబ్బరినూనె వాసన లేని గది చూసేసరికి, కోపం ఏమైపోయిందో వెతుక్కోవాల్సి వచ్చింది.

తేదీకి నాలుగు రోజుల ముందు, వంటింట్లో ఎండుచేపలు వేయిస్తున్న అమ్మమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది.

“లోలా, మనీలాకి నువ్వు రావాలి.”

“నేను రాను. నన్ను చూస్తే ఆ డాక్టరమ్మ తలుపేసుకుంటుంది.”

“నువ్వు రాకపోతే నేనూ పోను.”

“బెదిరిస్తున్నావా?”

“నీ దగ్గర పెరిగాను మరి.”

లోలా ఓనోర్ చేప తిప్పింది. తిరగేయాల్సిన పనేమీ లేకపోయినా మళ్లీ తిప్పింది.

“సరే, తీయో బెరోంగ్‌ని తీసుకెళతా,” అంది పెపాయ్, పోతూ పోతూ అన్నట్టు. “డోక్టోరా మొండిమనిషిని తెమ్మంది. ఆయనైతే నేను రెండు కన్నీటి చుక్కలు రాలిస్తే చేతులు వదిలేసి ఐస్‌క్రీం కొనుక్కొస్తాడు. ఇంకేముంది, కళ్లు హాయిగా నలుపుకోవచ్చు.”

“బెరోంగా?” గరిటె గాల్లో ఆగింది. “వాడు కోడిపిల్లని పట్టుకుంటే అది వాడిని పట్టుకుంటుంది! వాడి చేతిలో నా పిల్లనా?” పొయ్యి ఆర్పింది. “నా గౌను ఎక్కడ పెట్టావు?”

“ఉతికి ఆరేశాను,” అంది పెపాయ్. పొద్దున్నే ఉతికింది.

చికిత్స రోజు ఆసుపత్రి వరండాలో లోలా ఓనోర్ ఒడిలో చేతిసంచి, సంచిలో రుమాలు ఉన్నాయి. ఆ ఉదయం బస్సుకి ముందు మేకు మీది తాళంచెవి తీసుకుని గుడికి వెళ్లొచ్చింది గానీ, రుమాలు బయటికి తీసే ధైర్యం చాలక సంచినే నిమురుతూ కూర్చుంది. లోపలికి వెళుతూ డోక్టోరా లుసేరో ఆగింది.

“లోలా, రుమాలు తెచ్చారా?”

లోలా ఓనోర్ దొంగతనం బయటపడినట్టు తల దించుకుంది. “తెచ్చాను గానీ, ఒట్టు డోక్టోరా, పిల్ల కళ్లకి ముట్టించలేదు.”

డాక్టరమ్మ రెండు చేతులూ ముందుకి చాపింది. “నాకు తుడవండి. ఇవాళ పని చేసేవి ఇవే. ఎలాగూ ఇప్పుడు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాను. కాబట్టి మీ ఇష్టమొచ్చినంత గట్టిగా.”

లోలా ఓనోర్ ఆ చేతులు పట్టుకుంది. ఒక్కో వేలూ, వేళ్ల సందులూ, మణికట్టూ తుడిచింది. మూడు వారాలుగా ఎవరినీ ముట్టని చేతులు కదా, మొదట పైపైనే కదిలాయి. తర్వాత పాత బలం తెచ్చుకున్నాయి. “అబ్బా!” అంది డోక్టోరా లుసేరో, బొటనవేలు గుంజుకుంటూ. “ఊడిరాకుండా వదలండి లోలా, దీంతో పనుంది.”

లోపల పెపాయ్ వెల్లకిలా పడుకుని ఉంది. కన్ను మొద్దుబారే మందు వేశారు. రెప్ప మూతపడకుండా చిన్న తీగ పెట్టారు. పైపొర గీకుతుంటే నొప్పి లేదు గానీ, తన కంటినే ఎవరో ఉప్పుకాగితంతో రుద్దుతున్నట్టు అనిపించింది. రంగు వేసేముందు తాను పునీతుల మొహాలకి చేసే పని అదే. ఆ తర్వాత పసుపుపచ్చ చుక్కలు పడటం మొదలైంది. కొన్ని నిమిషాలకి ఒకటి, అరగంట పాటు.

“ఇదొక విటమిన్,” అంది డాక్టరమ్మ పక్కనుంచి. “పొర నిండా ఇంకాక నీలం వెలుతురు వేస్తాం. అప్పుడు లోపలి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వదులైన చాపని మళ్లీ బిగించి అల్లినట్టు.”

నీలం వెలుతురు వచ్చింది. పెపాయ్ దానికేసే చూస్తూ ఉంది. మరియమ్మ పైటకి తాను కలిపే నీలం రంగుకి అది దగ్గర చుట్టం. ఇంకాస్త తెలుపు కలిపితే సరిపోతుంది అనుకుంది. చివర్లో మెత్తటి కాంటాక్ట్ లెన్స్ ఒకటి కంటి మీద కట్టులా పెట్టి, ఇక లేవమన్నారు.

మందు మత్తు దిగాక మొదలైంది అసలు కథ. కంట్లో మిరపగింజ పడి, అది అక్కడే కాపురం పెట్టినట్టుంది. ఆ రాత్రికి మనీలాలోనే చుట్టాలింట్లో ఉండి, మర్నాడు ఊరికి వచ్చారు. కిటికీలకి దుప్పట్లు కట్టిన గదిలో లోలా ఓనోర్ మంచం మీద ఎదురుగా కూర్చుని మనవరాలి రెండు చేతులూ పట్టుకుంది. కునుకు పట్టేట్టయితే ఆ రుమాలుతోనే పెపాయ్ మణికట్టుని తన మణికట్టుకి కట్టేసుకునేది. చెయ్యి వేలెడు కదిలితే ఆమెకి మెలకువ వచ్చేసేది.

“లోలా, ఒక్కసారి. ఒక్క వేలు. చిటికెనవేలు.”

“సాంతా లూసియా తానే దిగొచ్చి అడిగినా ఇవ్వను.”

“నీకు జాలి లేదు.”

“ఉండేది. మనీలాలో వదిలేసొచ్చా.” అని, ఆమె చేతుల మీదే ముద్దుపెట్టుకుని, మళ్లీ బిగించి పట్టుకునేది.

మూడోరోజు ఇంకో ఆపద వచ్చింది. కబురు తెలిసిన వీధి ఊరుకుంటుందా? తాళంచెవి మళ్లీ మేకు మీదే ఉందని కనిపెట్టి, గుడి తలుపు తెరిచి, ఒక్కొక్కరే పునీతురాలి కళ్లు తుడిచి, ప్రేమగా రుమాళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు, పెపాయ్ కళ్లు తుడవడానికి. మెడ పట్టేసిన ముసలాయన ముందున్నాడు. లోలా ఓనోర్ మనవరాలి చేతులు రుమాలుతో మంచంకోడుకి కట్టేసి, చీపురు తీసుకుని గడపలో అడ్డం నిలబడింది.

“కళ్ల దగ్గరికి ఎవరైనా వచ్చారో, వచ్చిన కాళ్లతో వెళ్లరు!”

“మరి వీటిని ఏం చెయ్యమంటావు ఓనోర్? పునీతురాలిని తుడిచి తెచ్చాం, వెనక్కి తీసుకెళ్లకూడదే,” అన్నాడు ముసలాయన.

ఆమె క్షణం ఆలోచించింది. “కాళ్లకి తుడవండి. అక్కణ్నుంచి పైకి ఎక్కుతుంది.”

పదకొండు మంది వరసగా పెపాయ్ పాదాలు తుడిచారు. ఆమెకి అరికాళ్లలో చక్కిలిగింతలు ఎక్కువ. చీకటిగదిలో, మండే కంటితో, చేతులు కట్టేసి ఉండగా, ఆమె నవ్వి నవ్వి మంచం విరగ్గొట్టినంత పని చేసింది. ఆ అరగంటసేపు కంటి దురద గుర్తే రాలేదని తర్వాత ఒప్పుకుంది. వాళ్లు వెళ్లేముందు లోలా ఓనోర్ ముసలాయన్ని ఆపి, స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ ఒక్క తిప్పు తిప్పింది. వాకిట్లో ఉన్నవాళ్లకి ఆ చప్పుడు వినబడింది. తీయో బెరోంగ్ పనిముట్లు పడేసి పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డాడు.

లెన్స్ తీసేశాక కూడా చాలా రోజులు కుడికంటికి అంతా మంచు పట్టినట్టే ఉండింది. ఇలాగే ఉంటుందని డోక్టోరా చెప్పినా, పెపాయ్‌కి లోలోపల బెంగ తగ్గలేదు. నవంబరు ఆఖరున మళ్లీ గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. డాక్టరమ్మ రెండు పటాలూ పక్కపక్కన పెట్టింది.

“కొండ అంతే ఉంది,” అంది, చిరునవ్వుతో.

“తగ్గలేదా?” అంది లోలా ఓనోర్.

“తగ్గలేదు. పెరగలేదు. ఇంకా చూస్తూ ఉండాలి గానీ, ప్రస్తుతానికి ఆగింది.”

“పిల్ల కన్ను గీకి, ఎండబెట్టి, వారం రోజులు నా నిద్ర చెడగొట్టి, అంతే ఉందా!”

“అంతే ఉండటమే కదా లోలా కావాల్సింది,” అంది పెపాయ్. అంటూనే ఏడ్చేసింది. చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. డోక్టోరా లుసేరో అది చూసి తల ఊపింది. తర్వాత గట్టి లెన్స్ ఒకటి కొలిచి పెట్టించింది. గోడ మీది అక్షరాలు ముగ్గురేసి నిలబడటం మాని, ఎవరి చోట వాళ్లు ఒక్కొక్కరే నిలబడ్డారు. ఈసారి సుమాన్లు ఇవ్వడం లోలా ఓనోర్ మరచిపోలేదు.

డిసెంబరు పదమూడు సాంతా లూసియా పండుగ. దానికి ముందు పునీతురాలి కళ్లకి కొత్తరంగు వేసే పని పెపాయ్‌కి అప్పజెప్పారు. పాతరంగు గీకుతూ తీయో బెరోంగ్ ఈలవేశాడు. ఏళ్లతరబడి రుమాళ్ల తాకిడికి రంగే కాదు, కింద కొయ్య కూడా అరిగి, రెప్పల గీతలు సగం చెరిగిపోయాయి. లోలా ఓనోర్ వచ్చి ఆ కొయ్యని వేలికొసతో తడిమింది.

“రాయిలాంటి ములావిన్ కొయ్యే నాకు ఆగలేదు. నీ కన్నెంత,” అంది.

తీయో చెక్కిన కొత్త రెప్పల కింద పెపాయ్ నల్లగుడ్లు దిద్ది, మూడు వెంట్రుకల కుంచె తీసుకుంది. నాలుగు కళ్లు, నాలుగు చుక్కలు. ఒక్కోటీ ఒక్కటే కనబడింది, ఉన్నచోటే ఉంది. చివరి చుక్క పళ్లెంలో ఉన్న కంటికి పెట్టి వెనక్కి జరిగితే, నాలుగూ ఆమెనే చూస్తున్నాయి. తీయో బెరోంగ్ చాలాసేపు తల అటూ ఇటూ వంచి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క దగ్గి వెళ్లిపోయాడు.

పండుగనాడు బాజాలతో ఊరంతా తిరిగొచ్చాక పునీతురాలిని గుడి ముందు దించారు. రుమాళ్లు పట్టుకుని జనం ఎగబడ్డారు గానీ, మొదటి వంతు లోలా ఓనోర్‌ది. ఆమె ఆ ఏడు ఎవరితోనూ చెప్పకుండా కొత్త రుమాలు కుట్టుకుంది. పునీతురాలి నాలుగు కళ్లకీ దాన్ని ఊరికే అలా ఆనించి తీసింది. కొత్తరంగు చెక్కుచెదరలేదు. ఆనించి, ఏళ్లనాటి అలవాటుగా పక్కకి తిరిగి చెయ్యి ఎత్తింది. పెపాయ్ కూడా అలవాటుగానే మొహం ముందుకి చాపి కళ్లు మూసుకుంది. ఆ వరసలో వెనకున్న వాళ్లంతా ఊపిరి బిగబట్టారు.

కళ్ల మీద ఏమీ పడలేదు. కొబ్బరినూనె వాసన మాత్రం దగ్గరికి వచ్చింది. తన చేతిలో మెత్తగా ఏదో పెట్టినట్టయి పెపాయ్ కళ్లు తెరిచింది. రుమాలు తన అరచేతిలో ఉంది. ఎదురుగా లోలా ఓనోర్ కళ్లు మూసుకుని, మొహం పైకెత్తి నిలబడి ఉంది.

“నాకు తుడువు. నావి ముసలికళ్లు కదా,” అంది.

పెపాయ్ కుంచె పట్టుకున్నంత తేలిగ్గా రుమాలు పట్టుకుని, ఆ ముడతల రెప్పల మీద ఆనీ ఆనకుండా అద్దింది. ఒక కన్ను, ఇంకో కన్ను. రెండో కంటి దగ్గరికి వచ్చేసరికి రుమాలు తడిసింది.

“ఇంత మెల్లగానా?” అంది లోలా ఓనోర్ కళ్లు తెరవకుండానే. “ఇలా అయితే లోపలికి ఎలా పోతుందే?”

“పోతుంది లోలా,” అంది పెపాయ్.